కుర్చీ లేని ముఖచిత్రమా?

పత్రిక ముఖచిత్రం మీద ఎన్నికలంటే కుర్చీ. బడ్జెటంటే రూపాయి, పక్కన కత్తెర. కరువంటే నెర్రెలిచ్చిన నేల. తీర్పంటే కళ్ళకు గంతలు కట్టుకున్న న్యాయదేవత. ఆ మధ్య సుప్రీంకోర్టే గంతలు విప్పి, కత్తి బదులు చేతికి రాజ్యాంగం ఇచ్చి కొత్త విగ్రహం పెట్టుకుంది. పెట్టుకోనివ్వండి. మన డిజైనర్ ఫోల్డర్లో ఉన్నది పాతమ్మే.

ఇంత సుస్థిరమైన ప్రతీకల వ్యవస్థ ఉండగా, సంచికకో కొత్త ఆలోచన కావాలని మారాం చేసేవాళ్ళు అమెరికా పత్రిక ఎస్క్వైర్ 1968 ఏప్రిల్ సంచిక చూసి బుద్ధి తెచ్చుకోవాలి. సైన్యంలో చేరనన్నాడని బాక్సర్ మహమ్మద్ అలీ టైటిల్ ఊడబెరికిన రోజులవి. ఆయన్ని ఒంటి నిండా బాణాలు దిగిన సెయింట్ సెబాస్టియన్‌లా నిలబెట్టాలని ఆ పత్రిక ముఖచిత్రాలు రూపొందించే జార్జ్ లోయిస్‌కు బుద్ధి పుట్టింది. ముస్లింనై ఉండి క్రైస్తవ అమరుడి వేషమేమిటని అలీ సందేహించాడు. ఆయన గురువు ఎలైజా మహమ్మద్‌కు ఫోన్ చేసి ఒప్పించాల్సి వచ్చింది. తీరా ఒంటికి అతికించిన బాణాలు బరువుకు కిందికి వాలాయి. పైనుంచి గాలం దారాలు కట్టి వాటిని నిలబెట్టారు. అవి కదలకుండా అలీ బిగుసుకుని నిలబడ్డాడు. ఆరు బాణాలకు ఇంత భాగోతం! పోనీ, మిగతా పేజీ ఏమైనా నింపారా? తెల్లటి నేపథ్యం, నిక్కరు, బూట్లు. అంత ఖాళీ స్థలంలో నాలుగు హెడ్డింగులు పట్టేవి కదా.

మన పద్ధతి చూడండి. కుర్చీ పెట్టి, వెనక మంట పెట్టండి. నలుగురు నేతల తలలు కత్తిరించి చదరంగం పావులకు తగిలించండి. జుట్టు చుట్టూ తెల్ల అంచు మిగిలితే తేజస్సనుకుంటారు. నలుపు గాఢంగా రావాలంటే అచ్చులో వాడే నాలుగు రంగుల సిరాలూ నూటికి నూరు వేయండి, మొత్తం 400 శాతం. 300 దాటితే సిరా త్వరగా ఆరదని ప్రెస్సువాళ్ళు మొత్తుకుంటారు. నిజమే, దొంతరలో పై షీటు వెనక్కి అంటుకుంటుంది. అక్కడున్నది పూర్తి పేజీ నగల ప్రకటన. దానికీ కాస్త రాజకీయం అంటుతుంది, మంచిదే.

కుర్చీ కాళ్ళు కటింగ్ గీతకు 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలంటారు. పట్టించుకోకండి. మిషన్ ఒక కాలు కోసేస్తే సంకీర్ణ ప్రభుత్వానికి సంకేతమని పాఠకులే అర్థం చెప్పుకుంటారు.

ఎలాగూ దుకాణంలో పత్రికలు ఒకదానిమీద ఒకటి వాలి తాడుకు వేలాడుతుంటాయి. కొనేవాడికి కనిపించేది పైభాగమే, పత్రిక పేరు పోగా మంట కొస. పక్క పత్రికలోనూ అదే మంట కనుక పోటీలో ఎవరికీ అన్యాయం జరగదు.