కదిలించే కీలే నిలిపేదీ

భద్రతా తనిఖీ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేవి బ్రేకులు, స్టీరింగు, టైర్లు, లైట్లు. ఇంజిన్ శక్తిని చక్రాల దాకా మోసుకెళ్లే షాఫ్టుల చివర ఉండే కీళ్లు, అంటే వంగినా ఒకే వేగంతో తిప్పే సీవీ జాయింట్లు, సిలువ ఆకారపు క్రాస్ జాయింట్లు, చాలామందికి ఆ వరుసలో తోచవు. అవి అరిగిన బండిని తనిఖీలో ఫెయిల్ చేయాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఒకే జవాబు వినబడుతుంది. అది బండిని నడిపించే సామాను గాని ఆపే సామాను కాదు, అరిగితే చప్పుడు చేస్తుంది, విరిగితే బండి కదలదు, కదలని బండితో ఎవరికేం ముప్పు అని. పైకి సబబుగా కనిపించే ఈ వాదనతో మేం ఏకీభవించలేం. అరుగుదల హద్దు దాటిన కీలుతో ఏ వాహనమూ తనిఖీ గట్టెక్కకూడదు.

ఆ కీలు చేసే పని ఎంత కష్టమైనదో ముందు చూడాలి. ముందు చక్రాలు లాగే కారులో అదే చక్రం తిరగాలి, మలుపుకు వంగాలి, గుంత వస్తే పైకీ కిందికీ ఊగాలి. ఇన్ని కదలికల మధ్య శక్తి తెగకుండా అందాలి. 17వ శతాబ్దం నాటి ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుతో పిలిచే క్రాస్ జాయింటు వంగగలదు గాని వంగినప్పుడు సమానంగా తిప్పలేదు. 30 డిగ్రీలు వంచితే, ఇటు నిమిషానికి 100 చుట్ల వేగంతో నిలకడగా తిప్పినా అటు ప్రతి చుట్టుకూ రెండుసార్లు సుమారు 87కు తగ్గి 115కు పెరుగుతుంది. ఈ కుదుపు లేకుండా చేయడానికే 1920లలో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజినీరు ఆరు ఉక్కు గోళీలను గాడుల్లో బిగించి సీవీ జాయింటు తయారుచేశాడు. 1959లో వచ్చిన మినీ కారుతో అది సామాన్యుల బండ్లలోకి దిగింది. ఆ గోళీలకు ప్రాణం గ్రీజు. గ్రీజును కాపాడేది ముడతల రబ్బరు బూటు. బూటు చిరిగిందా, చక్రం తిరిగిన కొద్దీ గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్మూ నీళ్లూ లోపలికి చేరతాయి. అక్కడి నుంచి ఉక్కును ఉక్కు నమిలేస్తుంది. బాగా మలుపు తిప్పినప్పుడు వినిపించే టకటక శబ్దం ఆ తర్వాతి మాట.

ఇక అసలు విషయం. ఆటోమేటిక్ కారును పార్కింగ్ స్థానంలో పెట్టినప్పుడు లోపల ఒక చిన్న ఉక్కు కొక్కెం గేర్‌బాక్సు పళ్లలో పడుతుంది. అది పట్టుకునేది గేర్‌బాక్సునే, చక్రాన్ని కాదు. గేర్‌బాక్సుకూ చక్రానికీ మధ్య ఉన్న బంధం సీవీ జాయింటే. అది ఊడితే కొక్కెం గట్టిగా పట్టుకునే ఉంటుంది, బండి మాత్రం పల్లానికి దొర్లిపోతుంది. మామూలు డిఫరెన్షియల్, అంటే శక్తిని రెండు పక్కల చక్రాలకూ పంచే గేర్ల అమరిక, ఉన్న బండిలో ఒక పక్క షాఫ్టు తెగితే చాలు, ఆ పక్క గేరు వదులుగా తిరగడంతో రెండో పక్క చక్రానికీ పట్టు పోతుంది. మాన్యువల్ బండిని గేరులో పెట్టి వదిలేసే వారికీ ఇదే వర్తిస్తుంది. హ్యాండ్ బ్రేకు వేసే అలవాటు ఉన్నవారు బతికిపోతారు. ఆ అలవాటు లేనివారు ఎంతమందో రోడ్డు వాడే అందరికీ తెలుసు.

ఇది ఊహ కాదు. 2022లో ఫోర్డ్ సంస్థ అమెరికాలో రెండున్నర లక్షలకు పైగా ఎక్స్‌ప్లోరర్ వాహనాలను వెనక్కి పిలిచింది. వెనుక యాక్సిల్‌ను పట్టి ఉంచే బోల్టు విరిగితే షాఫ్టు విడిపోయి, పార్కింగ్‌లో పెట్టిన బండి కూడా దొర్లవచ్చన్నది కారణం. అక్కడ లోపం బోల్టుది, కీలుది కాదు. కానీ చక్రానికీ గేర్‌బాక్సుకూ సంబంధం తెగితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే. కొత్త బండిలో ఆ సంబంధం తెగే అవకాశాన్ని భద్రతా లోపమని ఒప్పుకున్నప్పుడు, పాత బండిలో అరిగి అరిగి తెగబోతున్న కీలును యజమాని సొంత వ్యవహారమని ఎలా అంటాం?

పాత ల్యాండ్ రోవర్ జీపుల్లో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము చక్రాల దగ్గర ఉండదు. శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ బాక్సు వెనుక, ఆ శక్తిని వెనుక యాక్సిల్ దాకా మోసే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఉంటుంది. కొన్ని లారీలదీ ఇదే ఏర్పాటు. అలాంటి బండిలో క్రాస్ జాయింటు విరిగితే హ్యాండ్ బ్రేకు లేనట్టే. సరుకుతో కొండ దిగే లారీ తక్కువ గేరులో ఇంజిన్ పట్టు మీద, చక్రాల బ్రేకులు వాడకుండానే వేగం తగ్గించే రిటార్డర్ మీద ఆధారపడుతుంది. ఆ పట్టు చక్రాలకు చేరేదీ ఈ కీళ్ల గుండానే. దిగుడు మధ్యలో కీలు తెగితే మొత్తం భారం ఒక్కసారిగా చక్రాల బ్రేకుల మీద పడుతుంది. విద్యుత్ కార్ల సంగతికొస్తే మరీను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారు జనరేటరుగా మారి బండిని నెమ్మదింపజేస్తుంది. రోజువారీ నడకలో బ్రేకు పనిలో పెద్ద వాటా అదే. ఆ బలమంతా రెండు దిశల్లోనూ మోసేది సీవీ జాయింటే. బ్యాటరీ బరువు దీనికి అదనం. నడిపించే సామాను, ఆపే సామాను అన్న విభజన ఈ కాలపు బండ్లకు చెల్లదు.

ప్రొపెల్లర్ షాఫ్టు విషయంలో వాదనకు తావే లేదు. ముందు వైపు క్రాస్ విరిగితే పొడవాటి గొట్టం నేలమీద పడి, బండి వేగంతోనే ఈడ్చుకుపోతుంది. గుంతలో గుచ్చుకుందంటే బండి వెనుక భాగం పైకి లేస్తుంది. గుచ్చుకోకపోతే తిరుగుతూ బ్రేకు గొట్టాలనూ ఇంధన ట్యాంకునూ బాదుతుంది. బస్సుల్లో ప్రయాణికుల కాళ్ల కింద నుంచి వెళ్లే షాఫ్టుకు, విరిగినా కొట్టుకోకుండా ఆపే కాపు ఉండి తీరాలని అమెరికా సమాఖ్య నిబంధనలు అంటున్నాయి. అంత దూరం ఆలోచించిన చోట, విరగక ముందే కీలును చూడడం మర్యాద కోసం చేసే పని ఎలా అవుతుంది?

గీత ఎక్కడ గీయాలన్నదే చిక్కు. ఇక్కడ యూరప్ దారి మాకు నచ్చింది. 2014 నాటి యూరోపియన్ యూనియన్ తనిఖీ ఆదేశం లోపాలను చిన్నవి, పెద్దవి, ప్రమాదకరమైనవి అని మూడుగా విడదీసింది. క్రాస్ జాయింటు అతిగా అరిగితే పెద్ద లోపం, ఊడిపోయే స్థితికి వస్తే ప్రమాదకరం. బూటు బాగా పాడైతే చిన్న లోపం, చిరిగినా అసలు లేకపోయినా పెద్ద లోపం. పెద్ద లోపం ఉంటే బండి ఫెయిల్. ఇందులో వివేకం ఉంది. బూటు చిరిగిన నాడే పట్టుకుంటే యజమానికి పోయేది ఒక రబ్బరు తొడుగు, కొంచెం గ్రీజు, మెకానిక్ కూలి. వదిలేస్తే పోయేది మొత్తం జాయింటు, ఒక్కోసారి షాఫ్టు కూడా. తనిఖీ కఠినంగా ఉంటే పేదవాడికి భారమనేవారు ఈ లెక్క చూడాలి. ఆలస్యంగా పట్టుకునే తనిఖీయే అతనికి అసలు భారం.

అయితే శబ్దం ఒక్కటే విని బండిని ఫెయిల్ చేయడాన్ని మేం సమర్థించం. బాగా మలుపు తిప్పితే కాస్త టకటకమనే జాయింటు చాలా దూరం నడిచిన సందర్భాలు మెకానిక్‌లందరికీ తెలుసు. చెవికి కొలత లేదు. ఒక తనిఖీదారుకు వినిపించింది మరొకరికి వినిపించదు. శబ్దం హెచ్చరికగా కాగితం మీద రాయాలి. ఫెయిల్ చేయడానికి కంటికి కనిపించేదీ చేతికి తెలిసేదీ కావాలి. చక్రాలు పైకెత్తి షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే క్రాస్‌లో ప్లే, అంటే వదులుతనం, ఉన్నదీ లేనిదీ వెంటనే తెలుస్తుంది. క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే లోపలి సూది బేరింగులు ఎండిపోయాయని అర్థం. బూటు చీలికకు టార్చి లైటు చాలు. ఇవేవీ ఖరీదైన యంత్రాలు అడగవు, బండి కిందికి వంగి చూసే ఓపిక అడుగుతాయి.

మరో అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. తనిఖీ చేసేవాడే రిపేరు కూడా చేస్తే, అరగని కీలు కూడా అరిగినట్టే కనిపించవచ్చు. అందుకే ఫెయిల్ చేసిన ప్రతిసారీ లోపాన్ని యజమానికి బండి కింద నిలబెట్టి చూపించాలి. ప్లేను మిల్లీమీటర్లలో కొలిచి కాగితం మీద రాయాలి, ఫొటో జత చేయాలి. మరో కేంద్రంలో మళ్లీ చూపించుకునే హక్కు అదనపు రుసుము లేకుండా ఉండాలి. తయారీదారులు కూడా ఎంత ప్లే వరకు చెల్లుతుందో అంకెల్లో చెప్పాలి. అతిగా అంటే ఎంతో చెప్పని నిబంధన తనిఖీదారు విచక్షణకే అన్నీ వదిలేస్తుంది, తగాదాలు అక్కడే పుడతాయి.

తనిఖీ పత్రాల్లో ఇప్పుడున్న వరుసను మార్చడంతో పని మొదలుపెట్టవచ్చు. షాఫ్టులను, కీళ్లను ఇంజిన్ పక్కన ఇతరాల కింద రాయడం మాని బ్రేకుల పేజీలోకి తేవాలి. ప్రతి బండికీ హ్యాండ్ బ్రేకు ఎక్కడ పట్టుకుంటుందో, పార్కింగ్ కొక్కెం ఉందో లేదో అక్కడే నమోదు చేయాలి. ఆ పట్టు కీలు మీదుగా పోయే బండి అయితే, కీలులో హద్దు దాటిన ప్లే కనిపించిన రోజు ఆ బండి తనిఖీ కేంద్రం నుంచి గ్యారేజీకే వెళ్లాలి.