కథ మారితే గీత మారాలన్న ఎడ్ యంగ్

గుడ్డివాళ్లు ఏనుగును తడిమిన కథ మనకు కొత్త కాదు. అంధగజ న్యాయం అని దానికో పేరే ఉంది. బౌద్ధ గ్రంథాల్లోనూ కనిపించే ఈ కథను 1992లో, అమెరికాలో స్థిరపడిన ఒక చైనా చిత్రకారుడు పిల్లల బొమ్మల పుస్తకంగా తెచ్చారు. పేరు 'సెవెన్ బ్లైండ్ మైస్'. మనుషుల బదులు ఇందులో ఏడు గుడ్డి ఎలుకలు. పేజీ నిండా కారునలుపు, దాని మీద కాగితం కత్తిరించి అతికించిన రంగురంగుల ఎలుకలు. రోజుకొకటి వెళ్లొస్తుంది. సోమవారం వెళ్లిన ఎర్ర ఎలుక ఏనుగు కాలు తడిమి స్తంభం అంటుంది. మర్నాడు ఆకుపచ్చ ఎలుక తొండం తడిమి పాము అంటుంది. ఆ స్తంభం ఎర్రగానే ఉంటుంది, పాము ఆకుపచ్చగానే ఉంటుంది. ఎవరి ఊహకు వాళ్ల రంగే! ఆదివారం తెల్ల ఎలుక వంతు వస్తుంది. ఏనుగు ఒంటి మీద ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి సంగతి తేలుస్తుంది.

మన ఇళ్లలో ఈ కథ చెప్పేటప్పుడు గుడ్డివాళ్ల తెలివితక్కువతనాన్ని చూసి నవ్వుతాం. ఈ పుస్తకంలో ఎవరినీ చూసి నవ్వాల్సిన పని లేదు. స్తంభంలా గట్టిది, పాములా మెలికలు తిరిగేది, విసనకర్రలా గాలి విసిరేది అంటూ ఆరుగురు చెప్పిన మాటలూ తెల్ల ఎలుక జవాబులో ఉంటాయి. ఏ ఒక్కటీ అబద్ధం కాదు, ఏ ఒక్కటీ చాలదు.

ఆ చిత్రకారుడు ఎడ్ యంగ్. 2023 సెప్టెంబరులో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పేరు చెప్పగానే 'చైనా జానపద కథలకు బొమ్మలు వేసినాయన' అనేస్తారు. అదీ తడిమి చెప్పిన మాటే. ఆయన 80కి పైగా పుస్తకాలకు బొమ్మలు వేశారు. వాటిలో కొన్నిటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మనిషి వేశాడంటే నమ్మబుద్ధి కాదు. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఆయన 1931లో తియాన్‌జిన్‌లో పుట్టి, షాంఘైలో పెరిగి, హాంకాంగ్ మీదుగా 1951లో అమెరికా వెళ్లారు. చైనీయుల రాకను నిషేధించిన 1882 నాటి చట్టాన్ని అమెరికా 1943లో గానీ ఎత్తేయలేదు. ఎత్తేశాక కూడా ఏడాదికి 105 మందికే వలస కోటా ఇచ్చింది. అలాంటి రోజుల్లో ఆర్కిటెక్చర్ చదవడానికి వెళ్లిన కుర్రాడు, అది వదిలేసి బొమ్మల వైపు తిరిగాడు. ఈరోజు మన ఇంట్లో అమెరికా వెళ్లిన అబ్బాయి ఆ మాటంటే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. 1957లో లాస్ ఏంజెలెస్‌లో ఆర్ట్ డిగ్రీ పూర్తి చేసి, న్యూయార్క్‌లో యాడ్ ఏజెన్సీ ఉద్యోగంలో చేరారు. మధ్యాహ్నం భోజనం వేళ సెంట్రల్ పార్క్ జూకు వెళ్లి జంతువుల బొమ్మలు గీసుకునేవారు. ఆ గీతలే దారి చూపాయి. హార్పర్ సంస్థ ఎడిటర్ ఉర్సులా నార్డ్‌స్ట్రామ్ అవకాశం ఇవ్వడంతో 1962లో తొలి పుస్తకం వచ్చింది. చైనాతో సంబంధం లేని జంతువుల కథలవి.

చైనా కథలు ఆ తర్వాత వచ్చాయి. అప్పటిదాకా అమెరికా పిల్లలు చూసిన చైనా ఎక్కువగా బయటివాళ్ల చేతి నుంచి వచ్చిందే. 1939లో కాల్డెకాట్ మెడల్ (అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకు ఏటా ఇచ్చే పెద్ద బహుమతి) గెలిచిన పుస్తకం చైనా పాప కథే, కానీ రాసి బొమ్మలు వేసింది అమెరికన్. అంతకు ముందు ఏడాది వచ్చిన మరో పుస్తకంలో అయిదుగురు చైనా అన్నదమ్ములూ ఒకే పసుపు ముఖంతో ఉంటారు. దాని మీద తర్వాత ఎన్నో విమర్శలు వచ్చాయి. చైనా నుంచి వచ్చిన చిత్రకారుడికి చైనా కథ ఇవ్వడం ప్రచురణకర్తలకు తేలికైన పని. అందులోనే ఒక ఉచ్చు కూడా ఉంది. ఒక్క స్టయిల్ పట్టుకుని, అదే చైనా అని నమ్మించి, జీవితాంతం అమ్ముకోవచ్చు.

యంగ్ ఆ పని చేయలేదు. 1967లో 'ది ఎంపరర్ అండ్ ద కైట్'కు చైనా కాగితపు కత్తిరింపుల పద్ధతి వాడారు. 1982లో చైనా సిండ్రెల్లా కథ 'యే-షెన్' వేసినప్పుడు, ఆ అమ్మాయిని కాపాడే చేప ఆకారాన్ని బొమ్మలన్నిటిలో పరిచారు. కథ ముందుకు పోతున్నా చేప మాత్రం పేజీని వదలదు. 1990లో కాల్డెకాట్ మెడల్ తెచ్చిన 'లాన్ పో పో'లో నీటిరంగులు, పాస్టెల్స్ కలిపి, పేజీని మడత తెరలోని పలకల్లా నిలువుగా విడగొట్టారు.

ఆ పుస్తకం దగ్గర కాసేపు ఆగాలి. అమ్మ ఊరెళ్లింది. ముగ్గురు ఆడపిల్లలు ఇంట్లో ఉన్నారు. తోడేలు అమ్మమ్మలా నటిస్తూ వచ్చి, లోపలికి రాగానే కొవ్వొత్తి ఆర్పేస్తుంది. ఇక అంతా చీకటే. పక్కలో పడుకున్న పెద్దమ్మాయి శాంగ్ కాలికి తోక తగులుతుంది. బుట్ట అల్లడానికి తెచ్చిన జనపనార తాళ్లని బొంకుతుంది తోడేలు. బొమ్మల్లో ఏది మంచం, ఏది దుప్పటి, ఏది తోడేలు ఒళ్లు అన్నది వెంటనే తెలియదు. అంచులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆ పిల్లలకు ఎంత కనిపిస్తుందో మనకూ అంతే కనిపిస్తుంది. ఇలాంటిదే యూరప్ కథ 'లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్'లో వేటగాడో కట్టెలు కొట్టేవాడో వచ్చి కాపాడతాడు. ఇక్కడ ఎవరూ రారు. పిల్లలే గింకో చెట్టెక్కి, తోడేలును బుట్టలో పైకి లాగి కింద పడేస్తారు. అంత భయపెట్టిన తోడేలును కూడా యంగ్ అవమానించలేదు. మనలోని చీకటికి తమ పేరు అరువిచ్చినందుకు ప్రపంచంలోని తోడేళ్లన్నిటికీ ఈ పుస్తకాన్ని అంకితమిచ్చారు.

ఆయన మీద పెట్టదగ్గ అభ్యంతరం ఒకటుంది. రాజులు, గాలిపటాలు, తోడేళ్ల మధ్య, ఇవాళ్టి వలస కుటుంబంలోని పిల్లలు ఆయన పుస్తకాల్లో తక్కువ. చైనా అంటే ఎప్పుడో జరిగిన కథే అన్న అభిప్రాయం అమెరికా పిల్లలకు కలిగే ప్రమాదం ఉంది. ఇది కొట్టిపారేసే మాట కాదు. చైనా నుంచి పాపను దత్తత తెచ్చుకున్న కుటుంబం గురించి 2006లో 'మై మే మే' తెచ్చారు గానీ, అలాంటివి ఇంకా రావాల్సింది.

అయితే పనిలో ఆయన పట్టుదలకు సాటి లేదు. జపాన్ పిల్లి కథ 'వాబి సాబి' కోసం చేసిన కొలాజ్‌లు (ముక్కలు అతికించి చేసిన బొమ్మలు) ప్రచురణకర్తకు అందేలోపే పోయాయి. డెబ్బై దాటిన మనిషి మళ్లీ మొదటి నుంచి చేశారు. 2008లో పుస్తకం వచ్చింది.

సొంత కథకు మాత్రం ఎనభైకి చేరువయ్యేదాకా ఆగారు. 2011లో వచ్చిన 'ది హౌస్ బాబా బిల్ట్' తండ్రి కట్టిన ఇంటి కథ. ఇంజనీరైన ఆ తండ్రికి షాంఘైలో స్థలం కొనే స్తోమత లేదు. పెద్ద ఇల్లు కట్టిస్తాను, 20 ఏళ్లు ఉండనివ్వండి, తర్వాత ఇల్లు మీదే అని స్థలం యజమానితో ఒప్పందం చేసుకున్నారు. బాంబులకు తట్టుకునేలా గోడలు లేపారు. యుద్ధకాలంలో బంధువులూ, జర్మనీ నుంచి వచ్చిన శరణార్థులూ ఆ గోడల మధ్యే తలదాచుకున్నారు. పాత ఫొటోలు, కాగితం ముక్కలు, పెన్సిల్ గీతలు కలిపి, విప్పితే పెద్దవయ్యే మడత పేజీలతో యంగ్ ఆ ఇంటిని మళ్లీ లేపారు. ఆర్కిటెక్చర్ సగంలో వదిలేసిన కొడుకు, పుస్తకం చివర ఆ ఇంటి ప్లాన్ కూడా పెట్టారు. ఏ గది ఎక్కడుండేదో గుర్తుపెట్టుకుని.