కుబర్నెటీస్ దొరవారికి నల్లగొండ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ కుబర్నెటీస్ దొరవారికి,

యాప్‌లను సర్వర్ల మీద నడిపించి, కూలితే మళ్లీ లేపే సాఫ్ట్‌వేర్ దొరవారికి నల్లగొండ నుంచి రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీ పాడ్‌లు (మీరు యాప్‌ను పెట్టి నడిపే గూళ్లు) క్షేమమో కాదో ఐదు నిమిషాలు ఆగితే చెబుతాను.

మీ పేరుకు గ్రీకులో ఓడ నడిపేవాడని అర్థమట. 2014లో గూగుల్ వాళ్లు మిమ్మల్ని లోకం మీదికి వదిలినప్పుడు పెద్ద పెద్ద సరుకులే మనసులో ఉండి ఉంటాయి. మా సరుకు మనవి చేసుకుంటాను: బత్తాయి వ్యాపారులకు తూకం చిట్టీలు రాసే యాప్. రెండు కంటైనర్లు (యాప్‌ను దాని సామానుతో సహా కట్టిన మూటలు), ఒక డేటాబేస్. తెప్ప చాలు. మా బాస్ ఓడ తెచ్చాడు.

"ప్లాట్‌ఫామ్ పెడదాం. పిల్లలు కోడ్ పెడితే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది" అన్నాడు. ఆ 'అదే' ఎవరో మూడు రోజుల్లో తేలింది. నేనే.

మేనేజ్డ్ క్లస్టర్, అంటే క్లౌడ్ కంపెనీ వాళ్లు నడిపే సర్వర్ల గుంపు కదా, అంతా వాళ్లే చూస్తారనుకున్నాను. సాగర్ ఎడమ కాలువ కింద పొలం చేసే మా మామకు చెబితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "తూము కాడ లష్కరు వాళ్లోడు, మడికి నీళ్లు కట్టుకునేది నువ్వు. గంతే గదా అల్లుడూ?" అంతే. అన్నిటికీ హుకుం ఇచ్చే కంట్రోల్ ప్లేన్ వాళ్లది. నోడ్‌ల (యాప్ నడిచే మెషీన్ల) కిరాయి, ఇంగ్రెస్ (బయటివాళ్లు యాప్‌లోకి వచ్చే వాకిలి), సర్టిఫికెట్లు, స్టోరేజీ, అర్ధరాత్రి మేలుకోవడం నావి.

మాకేం కావాలో మీకు రాసిచ్చే యామల్ కాగితాల సంగతి చెప్పాలి. భూమి దస్తావేజులో పేరు తప్పు పడితే సవరణ దస్తావేజు రాసుకోవచ్చు. మీ దగ్గర ఎడమ పక్కన స్పేసులకు బదులు ఒక ట్యాబ్ పడితే కాగితం ముట్టనే ముట్టరు. ఆ ట్యాబ్ కంటికి కనిపించదు కూడా!

మీ ఓపికకు మాత్రం దండం. మొన్న రాత్రి పాడ్ లేచింది, కూలింది. పది సెకన్లు ఆగి లేపారు. కూలింది. ఇరవై. నలభై. చివరికి ఐదు నిమిషాలకోసారి. తాగి పడ్డవాణ్ని లేపి నిలబెడుతూనే ఉన్నారు తప్ప ఎందుకు పడుతున్నాడో మీ అంతట మీరు ఆలోచించరు. "ఇంకెంతసేపురా, అన్నం చల్లారిపాయె" అని అమ్మ రెండుసార్లు పిలిచింది. పాడ్ సంగతులు చెప్పే డిస్క్రైబ్ కమాండ్ కొట్టి చూస్తే 'ఓఓఎమ్ కిల్డ్', ఎగ్జిట్ కోడ్ 137. మెమొరీ చాలక మీరే చంపారు. 128 మెగాబైట్లు చాలు అని రాసిన మహానుభావుడు ఎవరా అని చూశాను. ఎక్కడిదో నమూనా ఫైల్ కాపీ కొట్టిన నేనే. 512 చేశాను, నిలబడింది.

పాడ్‌కు చోటు దొరకనప్పుడు మీరు చూపే 'పెండింగ్' అన్న మాట ఆఫీసుల చుట్టూ తిరిగిన మాకు కొత్త కాదు. పైగా ఏ నోడ్‌లోనూ సీపీయూ చాలడం లేదని కారణం కూడా చెబుతారు మీరు. ఆ మర్యాద ఒప్పుకోవాలి.

మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీది నీడ పొద్దంతా కదలదు. మీ దగ్గర పాడ్ కొత్తగా పుడితే ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) కూడా మారిపోతుంది.

ఆ మూడు రోజులూ మా వ్యాపారి చిట్టీలు సిగరెట్ పెట్టె అట్టల మీద రాసుకున్నాడు. ఒక్కటీ కూలలేదు.

ఇట్లు,
మీ నోడ్‌లకు కాపలా ఉన్నవాడు,
గడియారం సెంటర్ దగ్గర, నల్లగొండ.

తా.క.: ఇది రాస్తుండగానే మెయిల్ వచ్చింది. మీ వెర్షన్ల ఆయుష్షు దాదాపు 14 నెలలేనట, మా దానికి గడువు దగ్గరపడిందట. అన్నం మళ్లీ చల్లారేలా ఉంది.