సద్దుమణిచే కమిషన్ వారికి ఒక వాటాదారు ఉత్తరం

హవాయి రాజ్యం, హొనొలులు, భూమి హక్కుల సద్దుమణిచే కమిషన్ వారికి,

ఉభయకుశలోపరి. మీరు క్షేమమని రాయడానికి వీల్లేదు, 1855 మార్చి 31తో మిమ్మల్ని మూసేశారు. అయినా రాస్తున్నాను. మా ఇంట్లో రెండెకరాల గట్టు తగాదా మూడో తరంలో నడుస్తోంది. జవాబు రాని ఆఫీసులకు ఉత్తరాలు రాయడం నాకు కొత్తేం కాదు.

ఏ భూమి ఎవరిదో తేల్చి కాగితం రాసివ్వడం మీ పని. ముందు మీ పేరు గురించి. 1845 డిసెంబరులో మీకు చట్టం రాసినవాళ్లు ఎంత ముద్దుగా పెట్టారండీ! హక్కులు తేల్చే కమిషన్ అనలేదు, పంచే కమిషన్ అనలేదు, ఇంగ్లీషులో 'క్వయట్' అనే మాట పెట్టి సద్దుమణిచే కమిషన్ అన్నారు. ఉయ్యాల్లో పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే జోకొట్టడానికి వచ్చినట్టు! సరే, అంతకుముందు భూమి ఏమంత ఏడిచిందని?

అక్కడంతా రామరాజ్యమని నేననను. కొండ కొమ్ము నుంచి సముద్రం దాకా ఒక్కో చీలిక, దాని పేరు అహుపువా. దానిమీద దొర, దొర కింద పెత్తందారు కొనోహికి. రాజు పోతే కొత్త రాజు భూములన్నీ తన మనుషులకు మళ్లీ పంచేవాడు. దొరలు మారేవారు, మోకాటి లోతు నీటిమడిలో కలో నాటుకునే రైతు చాలావరకు ఆ మడిలోనే ఉండేవాడు. కలో అంటే మరేదో కాదు, మన చామదుంపే. ఎవరిదీ కాని భూమిలో అందరికీ ఏదో ఒక పాలు. ఆ పాలునీ, దాన్ని చూసుకోవాల్సిన బాధ్యతనీ కలిపి కులియానా అనేవారు. మా పాత కాగితాల్లో 'మిరాసీ' అన్న మాట చూసినప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

ఇక మీ గడువు. 1848 జనవరి 27న మూడో కమెహమెహా రాజు, రెండు వందల నలభైకి పైగా దొరలు ఒక పుస్తకం ముందేసుకుని ఇవి నీకు, ఇవి నాకు అని రాసుకోవడం మొదలెట్టారు. ముగిసింది మార్చి 7న. రైతు తన మడికి అర్జీ పెట్టుకోవడానికి మీరిచ్చిన గడువు ఫిబ్రవరి 14. అంటే పెద్దవాళ్ల విస్తళ్లు ఇంకా లేవకముందే పిల్లల బంతికి తలుపేశారు. పైగా రైతు మడి రైతుకే పూర్తి హక్కుతో ఇవ్వాలని చట్టం వచ్చింది 1850 ఆగస్టు 6న, ఆ తలుపేసిన రెండున్నరేళ్లకు. పుస్తకంలో పేరుండి మీ దగ్గర అర్జీ పెట్టడం మరిచిపోయిన దొరల కోసం మాత్రం 1854లో ఒకసారి, 1860లో ఇంకోసారి ప్రత్యేకంగా చట్టాలు చేశారు. మతిమరుపు కూడా హోదాను బట్టేనన్నమాట.

వచ్చిన అర్జీల్లో సాక్షులు చెప్పినవి చదువుతుంటే మా తాత దస్తావేజు చదువుతున్నట్టే ఉంటుంది. కొండవైపు ఫలానావాడి మడి, సముద్రంవైపు కాలిబాట, ఒక పక్క ఏరు, ఇంకో పక్క కొనోహికి భూమి. అచ్చం మన చెక్కుబందీ! వాళ్ల నాన్న నుంచి వచ్చింది, మొదటి కమెహమెహా కాలం నుంచి వాళ్లదే, ఎవరూ అడ్డు చెప్పలేదు, అంతే. ఎవరూ అడ్డు చెప్పని భూమిని సద్దుమణచడానికి మీరెందుకొచ్చారో ఆ సాక్షికి అర్థమై ఉండదు.

నిజంగా సాగు చేస్తుంటేనే పొలమని, బీడు వదిలితే లెక్కలోకి రాదని, ఇంటి జాగా పావెకరం దాటకూడదని నియమాలు. నేలకు విశ్రాంతి ఇచ్చినవాడు దాన్ని పోగొట్టుకోవచ్చు. చివరికి ఎనిమిది వేల పైచిలుకు అవార్డులు, అంటే రైతులకు భూమి రాసిచ్చిన తీర్పులు, అన్నీ కలిపి సుమారు 28,600 ఎకరాలు. రాజ్యం మొత్తంలో నూటికి ఒక్క పాలు కూడా కాదు. 1850 జూలైలోనే విదేశీయులు భూమి కొనుక్కోవచ్చని ఇంకో చట్టం. తొందర ఎవరి విషయంలో ఉండాలో మీ రాజ్యానికి బాగా తెలుసు.

కొలతల దగ్గర మాత్రం మనం దాయాదులం. అరవై ఆరు అడుగుల గుంటర్ గొలుసు, నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మా తెలంగాణ గుంట ఆ గొలుసులో సగం పొడవు, సగం వెడల్పు. మా కోస్తాలో 1858లో ఇనాం కమిషన్ మీలాగే ఊళ్ల మీదకొచ్చి రాసిచ్చిన టి.డి. (టైటిల్ డీడ్, అంటే హక్కు పత్రం) నంబర్లతో ఇవాళ్టికీ కోర్టులకు వెళ్తున్నాం. కానీ మీ సర్వేయర్లకు ఉమ్మడి పటం లేదు, ఎవరి దిక్సూచి వారిది. రాజ్యానికంతటికీ సర్వే శాఖ వచ్చేసరికి 1870. పెళ్లయిపోయాక జాతకాలు చూసినట్టు.

ఇంతా చేసి కాగితం మీద ఒక్క పేరు రాసిచ్చారు. ఇంటిపేరు లేదు. ఇంటిపేర్ల చట్టమే 1860లో వచ్చింది. ఆ పేరు ఊళ్లో ఇంకో నలుగురికి ఉంటుంది. ఇచ్చిన ఏళ్లేమో 1848, 49లో తట్టు, కోరింతదగ్గు, 1853లో మశూచి. పేరున్నవాడు పోతే వారసులెవరు? కన్నకొడుకా, హానాయిగా, అంటే అక్కడి ఆచారం ప్రకారం, పెంచుకున్న కొడుకా? పెంచినవాడే కొడుకన్నది ఊరి మాట. రాసుకున్న కాగితమేదని అడగడం కోర్టు పని.

రాజుగారింట్లోనూ అదే గోల. నాలుగో కమెహమెహా 1863లో పోతే ఆయన భార్య ఎమ్మా రాణి భర్త భూముల్లో వాటా అడిగింది. అటువైపు కొత్త రాజు ఐదో కమెహమెహా, అంటే ఆమెకు బావగారు. సింహాసనం భూములు సింహాసనంతోనే పోతాయని, రాణికి భరణపు హక్కు మాత్రం ఉందని 1864లో కోర్టు చెప్పింది. ఆ హక్కు వదులుకున్నందుకు ఏడాదికి 6,000 డాలర్లు. ఆ తర్వాత అదే వంశపు రూత్ కెఎలికొలాని ఆ భూముల్లో తన వాటా అంటూ ఒక చెల్లని హక్కును చక్కెర వ్యాపారి క్లాస్ స్ప్రెకెల్స్‌కు 1880లో 10,000 డాలర్లకు అమ్మేసింది. రెండేళ్లకు ప్రభుత్వం ఆ హక్కును అడక్కుండా ఉండేందుకు ఆయనకు మావీ ద్వీపంలో వైలుకు అహుపువానే రాసిచ్చింది, దాదాపు 24,000 ఎకరాలు. మడి రైతులందరికీ కలిపి మీరిచ్చింది దానికి కాస్త ఎక్కువ, అంతే. తప్పు మాదే లెండి, మా రెండెకరాల హక్కు కాస్త చెల్లుబాటయ్యేది.

ఇట్లు,
సర్వే నంబరు ఉండి గట్టు లేని ఒక వాటాదారు

తా.క. మీ పేరు ఇంకా బతికే ఉంది. 2016 డిసెంబరులో కవాయి ద్వీపంలో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ ఎస్టేటు మధ్యలో మిగిలిన చిన్న చిన్న కులియానా ముక్కల వారసుల మీద దావాలు పడ్డాయి, వాటినీ సద్దుమణిచే దావాలనే అంటారు. ప్రతివాదులు వందల్లో, వాళ్లలో చనిపోయినవారూ ఉన్నారు. తర్వాతి నెలలో వెనక్కి తీసుకున్నారు లెండి. ఆచూకీ లేని వారసులకు నోటీసు ఎలా అందుతుందంటే, పేపర్లో ప్రకటన వేస్తే అందినట్టేనట. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా ఇలా నలుగురూ చదివేచోట పెడుతున్నాను.