జాకీతో పాటు స్టాండ్లు కూడా కొనాలి
ఇంటి దగ్గర కారు పనులు చేసుకునేవారికి రెండు టన్నుల ట్రాలీ జాకీ (చక్రాల మీద దొర్లే హైడ్రాలిక్ జాకీ), నూరు పీసుల టూల్ సెట్ చాలునని ఒక వ్యాసంలో చదివాను. అందులో జాకీ స్టాండ్ల (ఎత్తిన కారును కింద నుంచి మోసి నిలిపే ఆధారాల) ప్రస్తావనే లేకపోవడం పెద్ద లోటు. హైడ్రాలిక్ జాకీలో బరువును మోసేది నూనె, ఆ నూనెను పట్టి ఉంచేవి రబ్బరు సీళ్లు కనుక, సీలు కారిందంటే కారు కిందికి దిగిపోతుంది. ఎత్తడానికి జాకీ, నిలపడానికి స్టాండ్లు. స్టాండ్లు పెట్టకుండా ఎవరూ కారు కిందికి దూరవద్దని వేడుకుంటున్నాను.

మా కడపలో చాలా ఇళ్ల ముంగిట నాపరాళ్లే పరిచి ఉంటాయి. కారు లేస్తున్నకొద్దీ ట్రాలీ జాకీ చక్రాలు కొద్దిగా దొర్లాలి. బండల సందులో చక్రం ఇరుక్కుంటే జాకీ కదలక, పైనున్న పళ్లెం కారు అంచు నుంచి జారే ప్రమాదం ఉంది. బండ కింద బోలుగా ఉంటే అది పగలవచ్చు కూడా. అందువల్ల సమంగా ఉన్న కాంక్రీటు నేలను ఎంచుకొని, నేల మీదున్న కారు చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టుకోవాలి.

నూరు పీసుల సెట్టులో చాలా భాగం పెట్టెలోనే ఉండిపోతుంది. 8 నుంచి 19 మి.మీ. వరకు క్రోమ్ వెనేడియం ఉక్కు స్పానర్లను టపారియా వంటి కంపెనీవి విడిగా కొనడం మేలు. సాకెట్లలో (బోల్టు తలపై తొడిగి తిప్పే గొట్టాల్లో) లోపల ఆరు మూలలున్నవే తీసుకోవాలి, తుప్పు పట్టిన బోల్టు తలను అవే అరగనివ్వకుండా గట్టిగా పట్టుకుంటాయి.