వలెన్సియాకి గురువారం వెళ్లండి

స్పెయిన్‌లోని వలెన్సియా వెళ్లొచ్చిన మనవాళ్ల ఫొటోలు ఈమధ్య చాలా చూస్తున్నాను. అందరివీ దాదాపు ఒకేలా ఉంటున్నాయి. చేప ఎముకల్లా తెల్లగా మెరిసే సైన్స్ మ్యూజియం ముందు ఒకటి, మాల్వరోసా బీచ్‌లో ఒకటి, రొయ్యలు పేర్చిన పయేయా అనే అన్నం వంటకం ముందు ఒకటి. పొద్దున బార్సిలోనాలో రైలెక్కి, రాత్రికి మళ్లీ అక్కడికే చేరిపోతారు. మేం మాట్లాడుకున్న టూర్ ఏజెంటు కూడా ఆ ఊరికి ఒక్క పూటే రాశాడు. "పాత ఊరండీ, బీచ్ బాగుంటుంది, అంతకుమించి ఏముండదు" అన్నాడు. వెళ్లి చూసి వచ్చాక ఆ మాట గుర్తొస్తే నాకు నిజంగా కోపం వస్తోంది.

ఆ ప్లాన్ పక్కనపెట్టి 2025 సెప్టెంబర్‌లో మేం సొంతంగా నాలుగు రోజులు ఉన్నాం. అందులో ఒకటి గురువారం అయ్యేలా చూసుకున్నాం.

ఎందుకంటే ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకి అక్కడి కథీడ్రల్ (పెద్ద చర్చి) గుమ్మం బయట నీళ్ల కోర్టు కూర్చుంటుంది. తూరియా నది నుంచి ఊరి చుట్టూ పొలాలకు నీళ్లు తీసుకెళ్లే కాలువలు ఎనిమిది. ఒక్కో కాలువ కింది రైతులు తమలోంచి ఒకరిని ఎన్నుకుంటారు. నల్లటి వదులు చొక్కాలు వేసుకుని వాళ్లు వచ్చి, గుమ్మం ముందు అర్ధచంద్రాకారంలో వేసిన కుర్చీల్లో కూర్చుంటారు. లాయర్లు ఉండరు. కాగితాలు ఉండవు. ఫిర్యాదు, జవాబు, తీర్పు అన్నీ నోటిమాటే, అదీ వలెన్సియన్ భాషలోనే. తీర్పు మీద అప్పీలు లేదు.

ఏం తగాదాలు వస్తాయంటే, మన పల్లెల్లో వచ్చేవే. వంతు కాకుండా తూము ఎత్తుకోవడం, కరువులో నీళ్లు దొంగిలించడం, పక్కవాడి చేను ముంచెయ్యడం, తన వాటా కాలువలో పూడిక తియ్యకపోవడం. నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. తప్పు చేశాడన్న రైతు నదికి కుడి ఒడ్డు కాలువ వాడైతే, తీర్పు ప్రతిపాదించేది ఎడమ ఒడ్డు కాలువల వాళ్లు. ఎడమ ఒడ్డు వాడైతే కుడి ఒడ్డు వాళ్లు. మనవాడని వెనకేసుకురావడానికీ కుదరదు, పక్కవాడని పగ తీర్చుకోవడానికీ కుదరదు.

ఈ పద్ధతి అరబ్బుల పాలన కాలం నుంచి ఉందని చెబుతారు. 960లో మొదలైందన్న లెక్కతో 1960లో వెయ్యేళ్ల పండగ కూడా చేసుకున్నారు. 1238లో క్రైస్తవ రాజు జాయుమే ఊరిని గెలిచాక పెద్ద మసీదు ఉన్న చోట కథీడ్రల్ లేచింది, మతం మారింది, భాష మారింది. నీళ్ల కట్టుబాటు జోలికి మాత్రం ఆయన పోలేదు. 2009లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఇప్పటికీ స్పానిష్‌లో కాలువని 'అసేకియా' అంటారు, అది అరబ్బీ మాట. నారింజని 'నరాన్హా' అంటారు. ఆ మాట సంస్కృతం, పారసీ, అరబ్బీల మీదుగా అక్కడిదాకా నడిచింది, మన 'నారింజ'కి చుట్టమే. మార్కెట్లో బోర్డు మీద అది చదివి మా అమ్మ అక్కడే ఆగిపోయింది.

కోర్టు సంగతి నాకు ఇంతగా ఎందుకు పట్టిందో చెప్పాలి. మాది రేపల్లె వైపు, కృష్ణా పశ్చిమ డెల్టాలో శివారు భూమి. శివారంటే ఏంటో కాలువ మొదట్లో ఉన్నవాళ్లకి తెలీదు. పైవాళ్లు మడులు నింపుకున్నాక మిగిలితేనే మాకు. నా చిన్నప్పుడు నాన్న టార్చిలైటు పట్టుకుని రాత్రిళ్లు బోదె గట్టు మీద కాపలా పడుకునేవాడు. కాలువ నీళ్లు చూసే లస్కరు దొరక్క, ఎవరికి చెప్పుకోవాలో తెలీక నారుమడి ఎండిపోయిన ఏడాది మా ఇంట్లో వారం రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. కృష్ణా నీళ్ల మీద 1969లో బచావత్ ట్రిబ్యునల్, 2004లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ వచ్చాయి. అవి రాష్ట్రాల మధ్య లెక్కలు, వాటినీ దీన్నీ ఒకే తూకంలో వెయ్యను. కానీ ఒక రైతు ఇంకో రైతుని పిలిచి "నా వంతు నీళ్లు నువ్వెందుకు తీసుకున్నావు" అని అందరి ముందు అడిగే చోటు, వారానికోసారి, పైసా ఖర్చు లేకుండా మా కాలువ మీద ఎందుకు లేదు? ఆ గుమ్మం ముందు నిలబడి నేను అదే ఆలోచించాను.

మేం వెళ్లిన రోజు బంట్రోతు ఒక్కో కాలువ పేరు ఎత్తి పిలిచాడు. క్వార్ట్, మిస్లాతా, ఫవారా, రస్కాన్యా... ఎవరూ ముందుకు రాలేదు. నాలుగైదు నిమిషాల్లో అంతా లేచి వెళ్లిపోయారు. నా పక్కన నిలబడ్డ టూరిస్టులు "ఇంతేనా" అనుకుంటూ కదిలారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వారం ఎవరికీ ఫిర్యాదు లేదు! అంతకన్నా మంచి వార్త ఏముంటుంది?

ఆ గుంపులో ఫుట్‌బాల్ చొక్కా వేసుకున్న కుర్రాళ్లు ఉన్నారు. వలెన్సియా జట్టు ఆడే మెస్తాయా స్టేడియానికి ఆ పేరు వచ్చింది ఈ ఎనిమిదింటిలో ఒక కాలువ నుంచే.

తర్వాత నది చూడబోతే ఊళ్లో నది లేదు. 1957 అక్టోబర్ 14న తూరియా పొంగి ఊరిని ముంచేసింది, 80 మందికి పైగా చనిపోయారు. దాంతో నదిని ఊరికి దక్షిణంగా తవ్విన కొత్త కాలవలోకి మళ్లించారు. ఎండిపోయిన పాత నదిగర్భంలో పెద్ద రోడ్డు వేద్దామని అప్పటి ప్రభుత్వం అనుకుంది. జనం ఒప్పుకోలేదు. "నదిగర్భం మాది, మాకది పచ్చగా కావాలి" అని పట్టుబట్టారు. 1986 నుంచి అక్కడ తోట పెంచుతూ వచ్చారు. ఇప్పుడు తొమ్మిది కిలోమీటర్ల పొడవున చెట్లు, సైకిల్ దారులు, పిల్లల ఆటస్థలాలు. పైన పాత రాతి వంతెనలు అలాగే ఉన్నాయి, కింద నీటికి బదులు జనం నడుస్తున్నారు. ఫొటోల్లో కనబడే ఆ తెల్ల మ్యూజియం కూడా ఈ నదిగర్భంలోనే ఉంది. దాని ముందు ఫొటో దిగండి, తప్పులేదు. మనం నిలబడింది నదిలో అని తెలిసి దిగండి.

ఇంకో సంగతి కూడా తెలియాలి. 2024 అక్టోబర్ 29న మళ్లీ వరద వచ్చింది. వలెన్సియా ప్రాంతంలో 220 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ కొత్త కాలవ ఉండబట్టి నగరం నడిబొడ్డుకి ఏమీ కాలేదు. దానికి దక్షిణాన ఉన్న పైపోర్తా లాంటి ఊళ్లు మునిగిపోయాయి. ఫోన్లకి హెచ్చరిక వచ్చింది రాత్రి 8 దాటాక, అప్పటికే ఎంతోమంది నీళ్లలో ఉన్నారు. అక్కడి జనం కోపం ఇంకా చల్లారలేదు, చల్లారకూడదు కూడా. ఆ ఊళ్లలో కూలిన ఇళ్ల ముందు రీల్స్ తీసుకోవడానికి మాత్రం దయచేసి వెళ్లకండి. దివిసీమ ఉప్పెన కథలు వింటూ పెరిగిన మనకి ఈ మాట వేరేవాళ్లు చెప్పాలా?

తిండి గురించి చెప్పాలంటే, రొయ్యల పయేయా మీద నాకు పగ లేదు. కానీ అక్కడివాళ్లు మాది అని చెప్పుకునేది కోడి, కుందేలు మాంసం, చిక్కుళ్లు వేసి వండేది. బియ్యం ఊరికి పది కిలోమీటర్ల దూరంలోని అల్బుఫేరా మడుగు చుట్టూ పండేది. సెప్టెంబర్ కాబట్టి కోతలు నడుస్తున్నాయి, గాల్లో వరిగడ్డి వాసన. పళ్లేనికి అంటుకున్న మాడుని అక్కడ 'సొకర్రాత్' అంటారు, దానికోసం పోటీపడతారు. మా ఇంట్లో గిన్నె అడుగు మాడు కోసం జరిగిన పోట్లాటలే గుర్తొచ్చాయి.

గురువారం రాత్రి నాన్నకి ఫోన్ చేసి కోర్టు సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విని, "బాగానే ఉందమ్మా. మరి శివారోళ్లకి నీళ్లు అందుతున్నయ్యా?" అని అడిగాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. మర్నాడు పొద్దున మెట్రో ఎక్కి అల్బొరాయా వెళ్లాను. రస్కాన్యా కాలువ కింద, సముద్రానికి దగ్గరగా ఉండే ఊరది. చూఫా అనే దుంప పండిస్తారు, దాన్ని రుబ్బి చల్లటి ఓర్చాతా చేస్తారు. ఇళ్లు దాటితే పచ్చగా, తుంగలాగా చూఫా చేలు. సముద్రం వైపు గట్టు వెంట నడుచుకుంటూ పోయాను. చేలు అయిపోయే చోట, ఆఖరి మడికి వెళ్లే మూరెడు వెడల్పు బోదె ఉంది. అందులో నీళ్లు పారుతున్నాయి. చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉన్నాయి. వీడియో తీసి నాన్నకి పంపాను.