ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పని వీడియో వార్త కాదు

ఎక్కడ అల్లర్లు చెలరేగినా, యుద్ధం మొదలైనా గంట తిరగకముందే తెర నిండా మంటలు, పరుగులు, ఏడుపులు. అది ఏ ఊరు? ఏ తేదీ? ఎవరు తీశారు? ఎక్కడా ఉండదు. ఓ మూలన చిన్న అక్షరాలతో ‘సోషల్ మీడియా నుంచి’ అని వేసి చేతులు దులుపుకుంటారు. నా ఒళ్లు మండేది ఇక్కడే.

2013లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్‌లో ఏం జరిగిందో చూడండి. ఆగస్టు చివర కవాల్ గ్రామంలో గొడవ జరిగి ముగ్గురు యువకుల ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే ఓ వీడియో ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. గుంపు ఇద్దరిని కొట్టి చంపుతుంటుంది. ఇదిగో, మనవాళ్లను ఇలాగే చంపారని ప్రచారం చేశారు. నిజానికి అది మూడేళ్ల నాటిది, 2010లో పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో జరిగిన దారుణం. ఆ దృశ్యంలో చనిపోతున్నవాళ్లు నిజం, రక్తం నిజం. ఊరు, తేదీ మాత్రమే మార్చారు. మంట అప్పటికే రాజుకుంది, ఇది అందులో పోసిన ఆజ్యం. ఆ అల్లర్లలో 60 మందికి పైగా చనిపోయారు, వేలాది కుటుంబాలు ఇళ్లు వదిలి శిబిరాలకు చేరాయి.

ఇదంతా స్మార్ట్‌ఫోన్లు తెచ్చిన చేటని కొందరు తేల్చేస్తారు. ఆఫ్రికా దేశం రువాండాలో అప్పట్లో ఏ ఫోన్లున్నాయి? అక్కడ ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో 1993లో మొదలైంది. జనం ఇష్టపడే పాటలు, సరదా కబుర్లు, వాటి మధ్యలో అక్కడి మైనారిటీ వర్గమైన టుట్సీలను బొద్దింకలంటూ తిట్లు. 1994 ఏప్రిల్‌లో నరమేధం మొదలయ్యాక అదే రేడియో మనుషుల పేర్లు, వాళ్లు ఉండే చోటు, కార్ల నంబర్లు చదివింది. దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపేశారు. 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ రేడియో స్థాపకులు ఇద్దరిని, ఒక పత్రిక సంపాదకుణ్ణి దోషులుగా తేల్చింది. ఆ స్థాపకుల్లో ఒకరు చరిత్ర ఆచార్యుడు! అప్పీలులో కొన్ని అభియోగాలు వీగిపోయాయి, శిక్షలు తగ్గాయి, కానీ ముగ్గురిలో ఒక్కరూ నిర్దోషిగా బయటపడలేదు. మేం మాట్లాడాం, రాశాం, అంతే కదా అంటే కుదరదని అప్పుడే తేలిపోయింది.

మయన్మార్‌లో రోహింగ్యా ముస్లింలపై ద్వేషం ఫేస్‌బుక్‌లో ఏళ్ల తరబడి పారింది. తమ వేదికను హింసకు వాడుకోకుండా తగినంత చేయలేదని ఆ సంస్థే 2018లో ఒప్పుకుంది. అప్పటికే 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయి ఉన్నారు.

అయితే ఇంటర్నెట్ కట్టేస్తే సరిపోతుందా? మణిపూర్ చూశాక ఆ మాట అనడానికి నోరు రాదు. 2023 మే 3న హింస మొదలైంది, మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఎక్కడో ఢిల్లీలో హత్యకు గురైన యువతి ఫొటో చూపించి, ఇక్కడి ఆడపిల్లకు జరిగిన ఘోరమని చెప్పారు. ఆ పుకారు ఏ అడ్డూ లేకుండా తిరిగింది. మే 4న ఇద్దరు మహిళలను వివస్త్రలను చేసి ఊరేగించిన అసలు వీడియో మాత్రం జూలై 19 దాకా దేశం కంటబడలేదు. పుకారుకు నోరు చాలు. సాక్ష్యానికే దారి కావాలి. అందుకే నేను కెమెరాలు ఆపమనను, ప్రాణాలకు తెగించి అక్కడికి వెళ్లి తీసే విలేకరులంటే నాకు చెప్పలేనంత గౌరవం. వాళ్లు తెచ్చిన దృశ్యాన్నీ, ఊరూ పేరూ లేని క్లిప్పునూ ఒకే తెర మీద ఒకే అరుపుతో కలిపేస్తారే, అది వాళ్లకే అవమానం.

ఎడిటర్లను నేను అడిగేది ఇది. దృశ్యం నడిచినంతసేపూ ఊరు, తేదీ, తీసినవారి వివరం తెర మీద కనిపించాలి. ప్రాణభయం ఉంటే పేరు దాచండి, తప్పులేదు. ఊరూ తేదీ తేలకపోతే వేయకండి. తప్పు వేస్తే అదే యాంకర్, అదే సమయంలో, అంతే గొంతుతో సవరణ చెప్పాలి. అర్ధరాత్రి కింద పరుగెత్తే ఒక పంక్తి సవరణ కాదు. ఇంటి గ్రూపుల్లో పంపే మన పెద్దవాళ్లకూ, మనకూ ఇదే వర్తిస్తుంది. పంపినవారిని ‘ఇది ఎక్కడిది?’ అని అక్కడే, అందరి ముందే అడగండి. మర్యాద తక్కువైనా ఫరవాలేదు.

నిర్ధారించుకునేదాకా ఆగితే ప్రేక్షకుడు పక్క ఛానల్‌కు పోతాడట. పోనివ్వండి.